ఫోనులో కేసు మాట వద్దు

ప్రశ్న: మేము డాలస్‌కు ఉత్తరాన ఒక ఊళ్లో ఉంటాం. నా తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్లు, హెచ్‌1బీ మీద ఉద్యోగం చేస్తున్నాడు. మూడు వారాల క్రితం ఒక పార్టీలో తాగి, తిరిగి వస్తూ ఇంకో కారును గుద్దాడు. ఆ కారులోని మనిషికి తీవ్ర గాయాలయ్యాయి, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారట. తమ్ముడికి పెద్దగా దెబ్బలు తగలలేదు. ఆ రాత్రి నుంచి కౌంటీ జైల్లోనే ఉన్నాడు. బెయిలు బాండు 75,000 డాలర్లు పెట్టారు. ఏడున్నర వేలు కడితే బయటికి తెస్తానని బాండు ఏజెంటు అంటున్నాడు. ఇమిగ్రేషన్ హోల్డు కూడా ఉన్నట్టు జైలు జాబితాలో కనిపిస్తోంది. తమ్ముడు రోజూ ఫోను చేసి ఏడుస్తాడు. ఆ రాత్రి ఏం జరిగిందో మళ్లీ మళ్లీ చెబుతాడు, ఎలాగైనా బయటికి తీయమంటాడు. అమ్మానాన్నలు ఖమ్మంలో ఉంటారు. వాళ్లకు చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఫోను పాడైందని, ప్రాజెక్టు పని ఎక్కువగా ఉందని ఏదో ఒకటి చెబుతూ వస్తున్నాను. వాళ్లేమో సంక్రాంతికి వస్తాడని సంబంధాలు చూస్తున్నారు. జైలుకు చూడటానికి వెళ్తే మా గ్రీన్ కార్డుకు ఇబ్బంది అవుతుందని మా వారి భయం. అందుకే ఇంతవరకు వెళ్లి చూడలేదు. నేనేం చేయాలి?
– ఒక అక్క, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు ఆ ఏడున్నర వేలు ఆపండి. ఇంకా కట్టకపోతే, క్రిమినల్ వకీలు, ఇమిగ్రేషన్ వకీలు ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చేదాకా ఏజెంటు చేతిలో ఒక్క డాలరు పెట్టవద్దు. ఏజెంటు మోసగాడని కాదు. అతని వ్యాపారం జైలు గేటు దాటించేంతవరకే. మీ తమ్ముడి విషయంలో అసలు చిక్కు ఆ గేటు దగ్గరే మొదలవుతుంది.

హోల్డు అంటే ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్ అమలు విభాగం) అధికారులు జైలుకు పంపిన ఐ-247ఏ అనే కాగితం. ఇతన్ని వదిలేముందు మాకు చెప్పండి, మేము వచ్చి తీసుకువెళ్లడానికి మరో 48 గంటల దాకా ఆపి ఉంచండి అని అందులో ఉంటుంది. మీరు బాండు కట్టిన క్షణం నుంచి ఆ గడియారం నడుస్తుంది. అతను మీ ఇంటికి రాకుండా ఐస్ నిర్బంధ కేంద్రానికి వెళ్లవచ్చు. మీ చుట్టుపక్కల అయితే ఆల్వరాడోలోని ప్రెయిరీలాండ్, బాగా పడమటికి పోతే ఆన్సన్‌లోని బ్లూబానెట్. ఇంకా దూరం పంపినా అడిగేవారుండరు. ఏజెంటుకు కట్టినది రుసుము కాబట్టి తిరిగి రాదు. పైగా ఆ ఒప్పందంలో పూచీ సంతకం మీది. కోర్టు తేదీకి అతను హాజరు కాకపోతే మొత్తం 75,000 మీ మెడకు చుట్టుకుంటుంది. ఐస్ చేతిలో ఉన్న మనిషిని కౌంటీ కోర్టుకు సమయానికి తెచ్చేది ఎవరు అన్నది సంతకానికి ముందు తేలాల్సిన విషయం. బాండు తగ్గించమని అడగడమా, ఇప్పుడే కట్టడమా, కొన్నాళ్లు కౌంటీ జైల్లోనే ఉండనివ్వడమా అన్న వరుసను ఆ ఇద్దరు వకీళ్లు నిర్ణయించాలి. జైల్లో ఉండనివ్వడం అనే మాట వినడానికి కటువుగా ఉంటుందని తెలుసు. ఒక్కోసారి అదే మేలు.

నేను వకీలును కాను. టెక్సస్ కోర్టుల్లో కొంతకాలం తెలుగు దుభాషిగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. అందుకే వకీళ్ల పని వకీళ్లకే వదిలి, మీరు వాళ్లను అడగాల్సినవి రెండు మూడు రాస్తాను. టెక్సస్ చట్టంలో మత్తులో బండి నడిపి తీవ్రగాయం చేయడం మూడో తరగతి ఫెలనీ (తీవ్ర నేరం), రెండు నుంచి పదేళ్ల శిక్ష ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్న ఆ మనిషికి జరగరానిది జరిగితే అది రెండో తరగతి అవుతుంది, ఇరవై ఏళ్ల దాకా వెళ్తుంది. ఫెలనీ కేసులో నిర్బంధం మొదలైన 90 రోజుల్లోగా ప్రభుత్వం విచారణకు సిద్ధం కాకపోతే బాండు తగ్గించాలని, లేదా సొంత పూచీ మీద వదలాలని టెక్సస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 17.151 నిబంధన చెబుతుంది. మీ తమ్ముడికి అది ఎంతవరకు పనికొస్తుందో అడగండి. రెండోది, నేరం ఒప్పుకునే బేరాల సంగతి. విదేశీయుడైన కక్షిదారుకు ఆ ఒప్పుకోలు వల్ల దేశం నుంచి పంపేసే ముప్పు ఉంటే, ఆ సంగతి క్రిమినల్ వకీలు అతనికి చెప్పి తీరాలని 2010లో పాడియా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కేసును బట్టి టెక్సస్‌లో, ఒప్పుకుంటే శిక్ష వేయకుండా వాయిదా వేస్తాం, నడవడిక బాగుంటే కొట్టేస్తాం అనే ఏర్పాట్లు ఉంటాయి. రాష్ట్రం లెక్కలో అది శిక్ష కాకపోవచ్చు. ఇమిగ్రేషన్ లెక్కలో మాత్రం శిక్షే. ఆ తేడా తెలియక, బయటపడ్డామని మిఠాయిలు పంచుకున్న కుటుంబాలున్నాయి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే 1963 నాటి గిడియన్ తీర్పు ప్రకారం కోర్టే వకీలును ఇస్తుంది. కోర్టు ఇచ్చిన వకీలు అనగానే మనవాళ్లు పెదవి విరుస్తారు. రోజూ అదే కోర్టులో, అదే జడ్జి ముందు నిలబడే వకీలుకు తెలిసిన లోతుపాతులు భారీ ఫీజు తీసుకునే కొత్తవారికి ఉండకపోవచ్చు.

ఇక ఫోను. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టిన వాక్యం, ‘ఆ రాత్రి ఏం జరిగిందో మళ్లీ మళ్లీ చెబుతాడు’ అన్నది. ప్రతి కాల్ మొదట్లో ఒక గొంతు వినిపిస్తుంది కదా, ఈ సంభాషణ రికార్డు అవుతోందని. అది మాటవరసకు చెప్పేది కాదు. ప్రాసిక్యూటరు ఆ రికార్డులు తెప్పించుకోగలరు. కోర్టులో వాడగలరు కూడా. తెలుగులో మాట్లాడితే ఎవరికి అర్థమవుతుందిలే అనుకోవద్దు. తెలుగు సంభాషణను వాక్యం వాక్యంగా ఇంగ్లీషులోకి మార్చి, పక్కన నిమిషాలూ సెకన్లూ వేసి, కాగితాల కట్టగా కోర్టు ముందు పెడతారు. ‘అప్పటికే నాలుగు పెగ్గులు వేశానక్కా’ అని ఏడుస్తూ అన్న మాట అలా కాగితం మీదికి ఎక్కితే, అందులో ఏడుపు కనిపించదు, నాలుగు మాత్రమే కనిపిస్తుంది. మీరు ఓదార్పుగా ‘సరేలే, మత్తులో తెలియలేదు’ అన్నా అదీ రికార్డే. వీడియోలో చూసుకునే ములాఖత్, జైలు ఇచ్చే టాబ్లెట్ కంప్యూటరులో పంపే సందేశాలు, ఉత్తరాలు అన్నీ ఇదే దారిలో పోతాయి. వకీలు వచ్చి కలవడం, జైలులో నమోదైన వకీలు నంబరుకు చేసే ఫోను, వకీలు ఉత్తరాలు మాత్రం వేరు. తమ్ముడు ఏది చెప్పుకోవాలన్నా అక్కడే చెప్పుకోవాలి.

ఈసారి ఫోను వచ్చినప్పుడు అతను మొదలుపెట్టకముందే మీరే మొదలుపెట్టండి. ‘నాన్నా, కేసు సంగతి వకీలుగారికి చెప్పు, నాకు వద్దు. అద్దె కట్టాను. నీ మెయిల్‌బాక్సు తాళం నా దగ్గరే ఉంది. రాత్రి నిద్ర పట్టిందా?’ ఇలా. అతను మళ్లీ అటే వెళ్తే ఒకసారి ఆపండి. రెండోసారి కూడా వెళ్తే ‘ఇప్పుడు పెట్టేస్తాను, రేపు ఇదే వేళకు ఎత్తుతాను’ అని పెట్టేయండి. ఇది కఠినం కాదు. అతని చేత అతనికే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించకుండా ఆపడం. మాట్లాడటానికి ఇంకేం మిగులుతుందని అడుగుతారేమో. క్రికెట్ స్కోరు చెప్పండి. మీ పిల్లలు స్కూల్లో చేసిన అల్లరి చెప్పండి. పక్క మంచం అతని పేరు, చరిత్ర అడగవద్దు కానీ, పగలు ఏ వేళకు భోజనం వస్తోంది, దుప్పటి సరిపోతోందా, చదవడానికి ఏమైనా దొరికిందా అని అడగండి. లోపలికి ఫోను చేయడం మీకు కుదరదు, అతనే చేయాలి. పదిహేను ఇరవై నిమిషాలకు అదే తెగిపోతుంది. కాబట్టి రోజులో ఒక వేళ అనుకుని ఆ వేళకు తప్పకుండా ఎత్తండి. పదిసార్లు ధైర్యం చెప్పడం కంటే, అనుకున్న వేళకు ఫోను ఎత్తే మనిషి ఒకరున్నారన్నది లోపలున్నవారికి కొండంత అండ.

ఇంకో పొరపాటు మనవాళ్లు తరచుగా చేస్తారు. అమ్మ గొంతు వినిపిద్దామని ఇండియాకు కాన్ఫరెన్సు కలుపుతారు. జైలు ఫోన్లలో మూడో మనిషిని కలపడం, కాల్‌ను మళ్లించడం నిషేధం. వ్యవస్థ పసిగట్టి కట్ చేస్తుంది, మీ నంబరునే ఆపేసే ప్రమాదం కూడా ఉంది. ఖమ్మం నుంచి మాట్లాడే మార్గం ఉందేమో ఆ జైలు ఫోను కంపెనీని నేరుగా అడిగి, నాన్నగారి పేరున ఖాతా తెరవవచ్చేమో చూడండి. ఫోను ఖర్చు మీకు భారంగానే ఉండవచ్చు. అమెరికాలో ఈ దోపిడీ మీద పోరాటం మొదలుపెట్టినవారిలో వాషింగ్టన్‌కు చెందిన ఒక అమ్మమ్మ ఉన్నారు. జైల్లో ఉన్న మనవడితో మాట్లాడటానికి అయ్యే ఖర్చు మోయలేక 2003లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ను ఆశ్రయించిన మార్తా రైట్‌రీడ్. ఆమె 2015లో చనిపోయారు. రేట్లకు హద్దులు పెట్టే అధికారాన్ని ఆ కమిషన్‌కు విస్తరిస్తూ, ఆమె పేరు మీదనే వచ్చిన చట్టంపై 2023 జనవరిలో సంతకం అయింది. ఖాతాలో డబ్బు వేసేటప్పుడు చిన్న చిన్న మొత్తాలుగా కాకుండా, వారానికి సరిపడా ఒకేసారి వేయండి. వేసినప్పుడల్లా రుసుము పడుతుందేమో ముందే అడగండి.

అతని ఏడుపు గురించి రెండు మాటలు. ఏడవడం మంచిదే. కానీ ‘బతికి ఏం లాభం’, ‘నేను లేకపోతే మీకే మేలు’ లాంటి మాట వినిపిస్తే, అది బాధలో అన్నది అని సరిపెట్టుకోకండి. ఆ ఫోను పెట్టగానే జైలుకు ఫోను చేసి, డ్యూటీలో ఉన్న సూపర్‌వైజరు కావాలని అడిగి, తమ్ముడి పేరు, బుకింగ్ నంబరు (జైలులో చేర్చుకున్నప్పుడు ఇచ్చిన సంఖ్య) చెప్పి, ఆత్మహత్య ప్రమాదం ఉందని నేను తెలియజేస్తున్నాను అని ఆ మాటలతోనే చెప్పండి. మీతో మాట్లాడినవారి పేరు, సమయం రాసి పెట్టుకోండి. తర్వాత అదే విషయం వకీలుకు మెయిల్ చేయండి. 2015 జులైలో హ్యూస్టన్ దగ్గరి వాలర్ కౌంటీ జైల్లో శాండ్రా బ్లాండ్ అనే యువతి, ఒక ట్రాఫిక్ తగవులో అరెస్టయిన మూడో రోజున చనిపోయింది. దాని తర్వాత 2017లో టెక్సస్ ఆమె పేరున చట్టం తెచ్చింది. ఖైదీకి మానసిక అనారోగ్యం ఉందని నమ్మదగిన సమాచారం అందితే జైలు 12 గంటల్లోగా మేజిస్ట్రేటుకు తెలపాలి. అంతకుముందు 72 గంటల గడువు ఉండేది. మీరు చేసే ఆ ఒక్క ఫోనుకు అంత విలువ ఉంది. జైలు పట్టించుకోకపోతే ఆస్టిన్‌లోని టెక్సస్ కమిషన్ ఆన్ జైల్ స్టాండర్డ్స్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కౌంటీ జైళ్ల మీద కన్నేసి ఉంచడమే దాని పని. మీకే ఊపిరాడనట్టు అనిపిస్తే 988కి ఫోను చేయండి, మానసిక సంక్షోభంలో సాయపడే ఆ లైను బయటున్నవారి కోసం కూడా.

జైలుకు వెళ్లి చూడండి. మీవారి భయం అర్థం చేసుకోదగినదే. ఇప్పుడు రోజులు అలా ఉన్నాయి. కానీ సరైన పత్రాలతో, సరైన హోదాలో ఉన్నవారు ములాఖత్‌కు వెళ్లినంత మాత్రాన గ్రీన్ కార్డు దరఖాస్తు దెబ్బతినదు. మీ సొంత ఇమిగ్రేషన్ వకీలుకు ఒక మెయిల్ పెట్టి, ఆ జవాబు మీవారికి చూపించండి. మీరు చెప్పే మాట కంటే అది ఎక్కువ పనిచేస్తుంది. ఆయన రాకపోతే బలవంతపెట్టవద్దు, మీరు ఒక్కరే వెళ్లండి. టెక్సస్ నిబంధనల ప్రకారం కౌంటీ జైల్లో ఖైదీకి వారానికి కనీసం రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, ఎదురెదురుగా చూసే అవకాశం ఇవ్వాలి. ముందే పూర్తిగా వీడియో పద్ధతికి మారిన కొన్ని జైళ్లకు మినహాయింపు ఉంది. మీది ఏ కోవకు చెందుతుందో షెరీఫ్ కార్యాలయం చెబుతుంది. పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో పట్టుకెళ్లండి. చేతులు లేని జాకెట్లు, పొట్టి దుస్తులు ఉంటే గుమ్మంలోనే వెనక్కి పంపుతారు. పంజాబీ డ్రెస్సు మీద చున్నీ ఉంటే తీసేయమంటారు, ముందే కారులో వదిలేయండి. ఎదురుగా అద్దం ఉంటుంది, అటు పక్క అతను. చేయి పట్టుకోవడం కుదరదు. అక్కడి ఫోను కూడా రికార్డయ్యేదే, మరిచిపోవద్దు.

మన పేర్ల గందరగోళం ఒకటుంది. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పాస్‌పోర్టులో ఒకటే పేరుంటే వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యు’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. జైలు జాబితాలో పేరు వెతికితే దొరకలేదని, వేరే చోటికి తరలించారేమోనని బెంబేలెత్తిపోయేవారున్నారు. అటు ఇటు మార్చి వెతకండి, పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రాయండి. డబ్బు వేయాలన్నా, ఉత్తరం రాయాలన్నా బుకింగ్ నంబరు తప్పనిసరి. రేపు ఒకవేళ ఐస్ తీసుకువెళ్తే, వాళ్ల వెబ్‌సైటులో వెతకడానికి పుట్టిన దేశంతో పాటు ఏ-నంబరో (ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య), పూర్తి పేరో కావాలి. అవి ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

మన దగ్గర రిమాండు ఖైదీకి అనుమతితో ఇంటి భోజనం పంపించే వీలుంటుంది. ఇక్కడ ఇంటి నుంచి గిన్నె కాదు కదా, పచ్చడి సీసా కూడా లోపలికి పోదు. మాంసం తినకపోతే, మతపరమైన ఆహారం కావాలని అతనే చాప్లెయిన్‌కు (జైలులో మత వ్యవహారాలు చూసేవారికి) లేదా జైలు విన్నపాల పద్ధతిలో రాతపూర్వకంగా అడగాలి. 2000 నాటి ఫెడరల్ చట్టం ఒకటి ఖైదీల మతాచారాలకు రక్షణ ఇస్తుంది. అడగకుండా పళ్లెం పక్కన పెట్టేసి ఉపవాసం ఉంటే మాత్రం ఎవరూ పట్టించుకోరు. కమిసరీ (జైలు దుకాణం) ఖాతాలో కొంత డబ్బు ఉంటే నూడుల్స్, సబ్బు, కాగితం, పెన్ను కొనుక్కుంటాడు. ఎక్కువ వేయవద్దు. డబ్బున్నవాడని తెలిస్తే పక్కవారి కన్ను పడుతుంది. రోజూ వేసుకునే మందులు ఏవైనా ఉంటే, మీరు సీసా తీసుకెళ్లినా పుచ్చుకోరు. డాక్టరు పేరు, మందు పేరు, మోతాదు, ఫార్మసీ నంబరు జైలు వైద్య విభాగానికి తెలపండి. వాళ్లు మీకు ఏమీ చెప్పకపోవచ్చు, గోప్యత నియమం. కానీ మీరు చెప్పేది వినడానికి ఏ నియమమూ అడ్డు రాదు.

ఉత్తరాలు రాయండి. తెల్ల కాగితం, నీలం లేదా నల్ల సిరా. స్టిక్కర్లు, మెరుపులు, అత్తరు, కుంకుమ బొట్టు ఏమీ వద్దు. చాలాచోట్ల ఉత్తరాన్ని స్కాను చేసి టాబ్లెట్‌లోనే చూపిస్తారు, అసలు కాగితం చేతికి అందదు. మీ పాప వేసిన బొమ్మ క్రేయాన్లతో కాకుండా పెన్సిలుతో వేయించండి. పుస్తకాలు మీరు పంపితే తిరిగి వస్తాయి. అట్ట గట్టిగా లేని కొత్త పుస్తకం, అమ్మేవారి దగ్గరి నుంచి నేరుగా వెళ్లాలి.

ఇప్పుడు బయట అతని జీవితం. అసలు మీ వంటి వారి అవసరం ఎక్కువగా ఉండేది ఇక్కడే, ఎవరూ మెచ్చుకోని పని కూడా ఇదే. అపార్టుమెంటు అద్దె, ఫోను బిల్లు, క్రెడిట్ కార్డు, కారు వాయిదా అన్నిటికీ తేదీలున్నాయి. టెక్సస్‌లో అద్దె తప్పితే మూడు రోజుల నోటీసుతో ఖాళీ చేయించే కేసు మొదలవుతుంది. బ్యాంకు పనులకు పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. జైల్లో నోటరీ ఏర్పాటు ఎలాగో వకీలును అడగండి. అతని ఫోను మీ చేతికి వచ్చినా, ల్యాప్‌టాప్ పాస్‌వర్డు మీకు తెలిసినా, ఆ రాత్రి ఫొటోలు, పార్టీ గ్రూపులోని సందేశాలు, బార్ బిల్లులు ఏవీ తుడిచేయవద్దు. తమ్ముడు అడిగినా సరే. అది సాక్ష్యాన్ని మాయం చేయడం, దానికి వేరే కేసు ఉంది, అది మీ పేరున పడుతుంది. కారు బీమా కంపెనీ నుంచి ఫోను వస్తే, వకీలుగారి ద్వారా మాట్లాడతామని చెప్పండి చాలు.

ఉద్యోగం సంగతి త్వరగా తేల్చాలి. కుటుంబంలో అత్యవసర పరిస్థితి అని ఎన్నాళ్లు చెప్పగలరు? కంపెనీకి ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఇమిగ్రేషన్ వకీలు రాసిచ్చిన మాటలే చెప్పండి. మీ అంతట మీరు కథ అల్లవద్దు. ఉద్యోగం పోతే హెచ్‌1బీవారికి గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. అవి అతను జైల్లో ఉన్నా నడుస్తూనే ఉంటాయి. ఇంకోటి, మత్తులో నడిపిన కేసులో అరెస్టయితే, పాస్‌పోర్టులోని వీసాను విదేశాంగ శాఖ రద్దు చేయడం 2015 నుంచి మామూలైపోయింది. దేశంలో ఉండే హోదా దానంతటదే పోదు, కానీ ఒకసారి బయటికి వెళ్తే కొత్త వీసా లేకుండా తిరిగి రాలేడు. బాండు మీద ఉన్నప్పుడు కోర్టు అనుమతి లేకుండా దేశం దాటనివ్వడం అన్నది ఎలాగూ ఉండదు. కాబట్టి సంక్రాంతి ప్రయాణం లేదు.

అంటే అమ్మానాన్నలకు చెప్పే సంగతి ఇంక దాటేయడానికి లేదు. తమ్ముడికి వేసిన ఒట్టు ఉందని మీరు బాధపడుతున్నారు. ఆ ఒట్టు అతను భయంలో వేయించుకున్నాడు. బుకింగ్ ఫొటో చాలా కౌంటీల్లో ఎవరైనా చూడగలిగేలా ఉంటుంది. మన వాట్సాప్ గ్రూపుల సంగతి మీకు నేను చెప్పాలా? ఎవరో ఒకరు ‘మనవాడే కదా పాపం’ అంటూ ఒక ఫొటో పెడతారు. అది ఖమ్మం చేరడానికి ఒక రాత్రి చాలు. మీ నోటి నుంచి వినాల్సిన మాట వాళ్లు పక్కింటి ఫోనులో చూడకూడదు. తమ్ముడికి ముందుగా చెప్పండి, అడగవద్దు: ‘ఆదివారం అమ్మానాన్నలకు చెబుతున్నాను.’ అక్కడ పగటి వేళ చూసి చేయండి. వేసవిలో మనకూ వాళ్లకూ తేడా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. బాబాయో మేనమామో ఎవరైనా ఒకరు ఇంట్లో వాళ్ల పక్కన ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోండి. అమ్మకు, నాన్నకు విడివిడిగా కాకుండా ఇద్దరికీ ఒకేసారి చెప్పండి. మొదటి వాక్యం: తమ్ముడు క్షేమంగా ఉన్నాడు, దెబ్బలు లేవు. రెండో వాక్యం: తాగి కారు నడిపాడన్న కేసులో జైల్లో ఉన్నాడు, ఒక మనిషికి బాగా దెబ్బలు తగిలాయి. మూడోది: వకీలు ఉన్నారు, నేను చూసుకుంటున్నాను. అంతకు మించి వద్దు. ఆ రాత్రి వివరాలు వాళ్లకూ వద్దు. నాన్నగారు పొలమో ప్లాటో అమ్మి డబ్బు పంపుతానంటారు. ఒక నెల ఆగమనండి. అమ్మేసిన పొలం తిరిగి రాదు, ఈ కేసు ఎక్కడికి పోతుందో ఇంకా ఎవరికీ తెలియదు. జైలు జాబితాలు చూసి ‘డిప్యూటీని మాట్లాడుతున్నా, వెంటనే కడితే వదిలేస్తాం’ అని ఫోను చేసే మోసగాళ్లున్నారని కూడా చెప్పి ఉంచండి. గిఫ్టు కార్డుల రూపంలో బాండు కట్టించుకునే కోర్టు ఏదీ లేదు.

సంబంధాలు మాత్రం ఆపించండి, ఈ వారమే. కారణం చెప్పడం ఇష్టం లేకపోతే ‘ఇప్పుడు కుదరదు’ అనడం చాలు, అది అబద్ధం కాదు. అబ్బాయి బిజీగా ఉన్నాడని చెప్పి ఒక అమ్మాయి ఇంటివారిని ఆశలో పెట్టడం మీ కుటుంబం చేయకూడని పని. ఈ విషయంలో నేను మొహమాటపడను.

ఆసుపత్రిలో ఉన్న ఆ మనిషి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. మీ భయంలో అంతకంటే రాయలేకపోయారు, తెలుస్తోంది. పండ్లు పట్టుకుని చూసి వద్దామనో, వాళ్లవారితో మాట్లాడి రాజీ చేసుకుందామనో మన అలవాటు చొప్పున ఎవరైనా పెద్దలు సలహా ఇస్తారు. వెళ్లవద్దు, ఎవరినీ పంపవద్దు. సాక్షిని ప్రభావితం చేయబోయారన్న అర్థం వస్తుంది. పైగా కేసు నడిపేది వాళ్లు కాదు, ప్రభుత్వం. వాళ్లు వద్దన్నా ఆగదు. చికిత్స ఖర్చులు, పరిహారం వకీలు ద్వారా, బీమా ద్వారా జరగాల్సిన మార్గాలున్నాయి. తమ్ముడికి పశ్చాత్తాపం ఉంటే దాన్ని ఎప్పుడు, ఎలా చెప్పాలో కూడా వకీలే చెబుతారు. మీరు మాత్రం ‘నీ తప్పేం లేదురా’ అని అతన్ని ఓదార్చకండి. తప్పు ఎంతో తేల్చే పని మీది కాదు, లేదనే పని కూడా మీది కాదు.

కాన్సులేటు సంగతి ఒకటి మిగిలింది. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని దేశపు కాన్సులేటుకు తెలియజేయాలి. భారతీయుల విషయంలో అది అతని ఇష్టం, దానంతట అది జరగదు. టెక్సస్‌కు హ్యూస్టన్‌లోని భారత కాన్సులేటు. వాళ్లు అతన్ని విడిపించలేరు, వకీలు ఫీజు కట్టరు. వచ్చి చూడగలరు, వకీళ్ల జాబితా ఇవ్వగలరు. ఐస్ చేతికి వెళ్తే పాస్‌పోర్టు, ప్రయాణ పత్రాల దగ్గర వాళ్ల అవసరం పడుతుంది కాబట్టి ఇప్పుడే పరిచయం చేసుకోవడం మంచిది. తానా, నాట్స్ వంటి అమెరికా తెలుగు సంఘాల్లో ఆపదలో సాయపడే బృందాలున్నాయి. వకీలు పేరు అడగడం వరకు పర్వాలేదు, కేసు వివరాలు మాత్రం వాళ్లకు కూడా చెప్పనక్కరలేదు. విరాళాల పేజీ ఆన్‌లైన్‌లో పెట్టవద్దు. అందులో రాసిన ప్రతి వాక్యం కోర్టులో చదవదగినదే.

వకీళ్లు ఇద్దరూ సరేనని, ఎప్పటికైనా అతను బయటికి వచ్చే రోజు వస్తే, ఆ విడుదల ఏ అర్ధరాత్రో తెల్లవారుజామునో అవుతుంది. బాండు కట్టాక కూడా గంటలు పడుతుంది. అరెస్టు నాటి బట్టల్లోనే, చార్జింగ్ లేని ఫోనుతో, లేదా అసలు ఫోనే లేకుండా వదిలేస్తారు. మీ నంబరు అతనికి కంఠతా వచ్చేలా ఇప్పటి నుంచే చెప్పించండి. గాయం చేసిన కేసులో బాండు మీద వచ్చినవారి కారులో, ఊది చూపిస్తేనే ఇంజిను కదిలే ఇంటర్‌లాక్ పరికరం పెట్టించాలని టెక్సస్ చట్టం. ఆ పరికరం లేని బండి స్టీరింగు అతను ముట్టకూడదు, మీ కారైనా సరే. మీ ఇంట్లో ఉన్న మందు సీసాలేవైనా ఉంటే ఆ రోజుకు ముందే తీసేయమని మీవారికి చెప్పండి.